విశాఖ పెట్టెకు ఏనుగు దంతం అక్కర్లేదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పెళ్లిళ్లలో ఇచ్చే కానుకల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. నలుగురూ ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాలు, స్టీలు గిన్నెలు మానేసి, చేతిపనివారు చేసిన చిన్న చెక్కపెట్టెలు ఇవ్వండని మీ విలేకరి రాసిన మాటతో నాకు పేచీ లేదు. పైగా పదవీ విరమణ తరువాత గత ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్న పని అదే కాబట్టి, ఇన్నాళ్లకు ఒక పత్రికకు ఈ సంగతి పట్టిందని సంతోషించాను. అయితే ఆ వ్యాసంలో దొర్లిన రెండు పొరపాట్లను చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. అందులో వేసిన ఫొటోలోని పెట్టెను ‘ఇన్లే పని’, అంటే చెక్కలో పొదిగిన పని అన్నారు. అది ఇన్లే పని కాదు. ఇన్లే పూర్తిగా ఉత్తరాది కళ అనీ, మన వైపు చెక్కపని అంటే బొమ్మలేననీ అన్నారు. ఆ మాటను, అందులోనూ విశాఖపట్నంలో అచ్చయ్యే సంచికలో చదవాల్సి రావడం నాకు చాలా కష్టంగా తోచింది.

ముందుగా ఫొటో సంగతి. పెట్టె మూత మీద నెమలి బొమ్మ ఉంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని, భూతద్దం పెట్టి చూశాను. నేపథ్యంలోని చెక్క మీద ఎడమ నుంచి కుడికి సాగే పోగు గీతలు, అంటే చెక్క నారల చారలు, నెమలి మెడ దగ్గర ఆగకుండా, ఆ మెడలోంచి దూరి అవతలి వైపు అలాగే కొనసాగుతున్నాయి. నిజంగా వేరే చెక్కముక్కను కోసి పొదిగితే ఇది జరగదు. నేపథ్యం ఒక చెట్టుది, మెడ మరొక చెట్టుది అయినప్పుడు రెండింటి పోగూ అంచు దగ్గర తెగిపోవాలి. ఆ పెట్టె నొక్కుడు చెక్క (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) మీద అచ్చుబొమ్మ కాగితం అతికించి, పైన మెరుపు పూసినది. అటువంటివి చవకగా దొరుకుతాయి, కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. కాకపోతే దాన్ని ఆ పేరుతో పిలవకూడదు. పాఠకులకు పనికొచ్చే పరీక్ష ఒకటి చెబుతాను. కొనబోయే పెట్టెను కిటికీ వెలుగులో పట్టుకుని మెల్లగా ఇటూ అటూ వంచి చూడండి. అసలైన పొదుగుడు పనిలో ఒక ముక్క మెరిసినప్పుడు పక్క ముక్క నల్లబడుతుంది. మళ్లీ వంచితే నల్లబడినది మెరుస్తుంది. ఒక్కో ముక్కలో పోగు ఒక్కో దిక్కుకు ఉండటమే అందుకు కారణం. అచ్చుబొమ్మ మాత్రం ఎటు వంచినా ఒకే తీరుగా మెరుస్తుంది. లేజరుతో కోసి అతికించిన ముక్కలకు అంచున సన్నని గోధుమరంగు కాలుడు గీత ఉంటుంది. అది మోసం కాదు, నిజమైన చెక్కే, కానీ చేతికోత ధర అడిగితే మాత్రం ఇవ్వకండి.

ఈ సందర్భంలోనే రెండు పనుల తేడా చెప్పాలి, ఎందుకంటే దుకాణాల్లో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నారు. గట్టి చెక్కలో ఉలితో గాడి తొలిచి, ఆ గాడికి సరిపోయేలా మరో చెక్కనో, లోహాన్నో, శంఖాన్నో దిగగొట్టడం అసలైన పొదుగుడు. మైసూరులో జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్క మీద, పనస పసుపునూ ఇతర చెక్కల సహజ రంగులనూ వాడి చేసే పని ఇదే. దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. పంజాబులోని హోషియార్‌పూర్ పనీ ఈ జాతిదే. ఇక రెండోది, కాగితమంత పలుచని చెక్క రేకులను, అంటే మన వడ్రంగులు ఇప్పుడు వెనీర్ అంటున్నవాటిని, బొమ్మ ప్రకారం కత్తిరించి, ఒకదానికొకటి సందు లేకుండా కూర్చి, ఆ కూర్పు మొత్తాన్నీ ఒకేసారి పెట్టె మీద అతికించడం. నేను చేసేది ఈ రెండోది. గాడి తొలిచేంత బలం అరవై ఏడేళ్ల మణికట్టుకు లేదు, బల్ల మీద కూర్చుని చేసుకునే పని కావాలి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పేరు యూరపు దాకా పాకింది ఈ పొదుగుడు పనితోనే. ఇక్కడి కంసాలి కుటుంబాలు టేకు, జిట్రేగి, నల్లచేవ వంటి చెక్కల మీద ఏనుగు దంతాన్ని పొదిగి, దాని మీద పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపి, కుర్చీలూ బీరువాలూ రాతపెట్టెలూ చేసి ఇంగ్లీషు వర్తకులకు అమ్మేవారు. 1756లో ఈ ఊరు చూసిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఇక్కడి పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకుని రాశాడు. ఆ తీగలు ఎక్కడివో కాదు, మన కోస్తాలో నేసి అద్దిన కలంకారీ బట్టల అంచుల్లోవే. కొన్నాళ్లకు పనితీరు మారింది. దంతాన్ని చెక్కలో పొదగడానికి బదులు పలుచని రేకులుగా కోసి, చందనపు చెక్కతో చేసిన పెట్టె మొత్తాన్ని ఆ రేకులతోనే కప్పేవారు. ఇంటి ఆకారంలో, కప్పూ కిటికీలూ తలుపుతో సహా చేసిన కుట్టుపని పెట్టెలు అలా పుట్టినవే. ఆనాటి విశాఖ పనులు కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. తరువాతి కాలంలో తాబేటి చిప్ప, దున్నకొమ్ము, ముళ్లపంది ముళ్లతో కూడా ఇక్కడ పెట్టెలు చేశారు. ‘వైజాగపటం పని’ అని వేలం కేటలాగుల్లో ఈనాటికీ రాస్తారు. ఆ పేరు ఈ ఊరిదేనని ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసునో నాకు అనుమానమే, నాకే యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఒక చెక్కతో పెట్టె కట్టి, మరో పదార్థాన్ని రేకుగా కోసి పైన కప్పడమే వెనీర్ పని. అంటే మన పూర్వులు చేసింది దంతపు వెనీర్. కాబట్టి ప్లైవుడ్ దుకాణంలో దొరికే టేకు రేకుతో నేను పెట్టె కప్పితే అది ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్న పని కాదు, పదార్థం మారిన మన పనే.

పదార్థం మారక తప్పదు కూడా. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో తెచ్చిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం నిషిద్ధమైంది, 1991 సవరణతో ఆఫ్రికా దంతానికీ ఆ తలుపు మూసుకుంది. అది సరైన పని. ఒక జంతువును చంపి చేసే భరిణెలో కుంకుమ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. తాబేటి చిప్పా అంతే. ఎర్రచందనం ముక్క ఎవరైనా తెచ్చిపెడతామంటే చేతులు జోడించి వద్దనాలి, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం కూడా మనకు మంచిది కాదు. జిట్రేగి జాతి కలప 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది కాబట్టి, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు పెట్టె పంపేవారు అందులో ఏ చెక్క ఉందో తెలుసుకుని, నిబంధనలు చూసుకుని పంపాలి. మరి ఏం మిగిలింది అంటే, చాలా మిగిలింది. వెనీర్ మందం అర మిల్లీమీటరు, మీ పత్రికను ఏడు పొరలు మడిస్తే వచ్చేంత. రంపంతో కోస్తే ఒక అంగుళం పలకగా మాత్రమే వచ్చే చెక్క నుంచి, దుంగను ఉడికించి కత్తితో చీల్చినప్పుడు నలభైకి పైగా రేకులు వస్తాయి. ఒక చిన్న పెట్టెకు నాకు కావలసింది అరచేయంత రేకులు నాలుగైదు.

ఆ రేకులు సంపాదించడమే మొదటి చిక్కు. ప్లైవుడ్ దుకాణంలో వెనీర్ అడిగితే నాలుగు మిల్లీమీటర్ల ప్లై మీద అతికించిన ఎనిమిదడుగుల షీటు చూపిస్తారు. అది మన పనికి రాదు, దాని ధర వింటే పెట్టె మాట మరచిపోతాం. విడి రేకు కావాలని గట్టిగా అడగాలి. నేను మరో దారి పట్టాను. దుకాణాల్లో శాంపిల్ పుస్తకాలు ఉంటాయి. వాటిలోని రకాలు మార్కెట్లో ఆగిపోయాక ఆ పుస్తకాలను పాత సామాన్లలో పడేస్తారు. ముందుగా చెప్పి ఉంచితే మన కోసం పక్కన పెడతారు. కొన్ని నమూనాలు ప్లైకి అతికించి ఉంటాయి, వాటిని తీసుకోకూడదు. వెనుక కాగితం అతికించి ఉన్నవీ, ఉత్త రేకులూ చాలు. ఇళ్లలో అలమరాలు చేసే వడ్రంగుల దగ్గర అంచులకు అతికించే వెనీర్ పట్టీ ముక్కలు కూడా మిగులుతాయి. మూత చుట్టూ సన్నని గీత తీర్చడానికి అవి బాగుంటాయి. టేకు, వాల్‌నట్, మేపుల్, యాష్, సపేలి, నల్లగా ఉండే వెంగే, ఈ ఆరూ ఉంటే సంవత్సరం గడిచిపోతుంది. పచ్చ, నీలం రంగులద్దిన రేకులు కూడా వస్తున్నాయి గానీ నేను ముట్టుకోను. ఆకును ఆకుపచ్చగా చేయాలనిపిస్తే బొమ్మ గీసుకోవచ్చు, చెక్కతో పనేముంది?

కోత గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, వ్యాసంలో ‘ఇళ్లలో సాధ్యం కాని సంక్లిష్టమైన పని’ అన్నారు కాబట్టి. కావలసిన కత్తి మందుల దుకాణంలో దొరుకుతుంది, పదకొండో నంబరు సర్జికల్ బ్లేడు. మామిడిపిందె తీగ తీర్చాలనుకోండి. టేకు రేకు మీద కార్బన్ కాగితంతో బొమ్మ దింపుకుని, మొదట ఒకే ఒక పిందె ఆకారాన్ని కోసి తీసేస్తే అక్కడ ఒక కిటికీ ఏర్పడుతుంది. ఆ కిటికీ కింద మేపుల్ రేకు పెట్టి, మెల్లగా తిప్పుతూ చూడాలి. ఒక చోట ఆ మేపుల్ పోగు పిందె వంపుతో పాటే వంగుతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ ఆపి, కిటికీ అంచునే ఆనవాలుగా కత్తిమొనతో గీత గీసి, కోసి, ఆ ముక్కను కిటికీలో కూర్చి, పైనుంచి కాగితపు టేపు అతికించాలి. తరువాత రెండో పిందె. ఒక్క పోటులో కోయాలని చూస్తే కత్తి పోగు వెంట జారిపోతుంది. మూడు నాలుగు సార్లు తేలికగా గీస్తూ రావాలి. ఓపిక ఉన్నవారు కంసాలులు వాడే సన్నని రంపంతో రెండు రేకులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కొద్దిగా ఏటవాలుగా కోస్తే కోత సందు కూడా కనిపించదు. నా చేతికి కత్తే అలవాటు.

పిందెకు గుండ్రదనం రావాలంటే ఒక అంచున నీడ ఉండాలి. దానికి రంగు వేయరు. సన్నని ఇసుకను జల్లించి, ఇనుప మూకుట్లో పోసి, మరమరాలు వేయించేటంత వేడి చేసి, పట్టకారుతో పట్టుకున్న మేపుల్ ముక్క అంచును అందులో గుచ్చి కొన్ని క్షణాలు ఉంచి తీయాలి. అంచు దగ్గర ముదురుగా కాలి, లోపలికి వెళ్లేకొద్దీ పల్చబడుతూ గోధుమరంగు దిగుతుంది. ఎన్ని క్షణాలన్నది చెక్కను బట్టీ, ఆ రోజు మూకుడును బట్టీ ఉంటుంది. పనికిరాని ముక్కతో ముందు చూసుకోవాలి. మా ఆవిడ ఆ మూకుడును ఇక వంటింట్లోకి రానివ్వనని తేల్చి చెప్పింది, అది ఇప్పుడు శాశ్వతంగా మా వెనుక వసారాలో ఉంటోంది.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. నేను ఒక కర్మాగారంలో, ఫౌండ్రీకి అనుబంధంగా ఉండే ప్యాటర్న్ షాపులో ముప్ఫై ఒక్క ఏళ్లు పని చేశాను. పోత పోయాల్సిన వస్తువుకు ముందు చెక్కతో అచ్చు చేసి ఇవ్వడం మా పని. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు పది మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది కాబట్టి, ఆ మేరకు కొలతలు పెంచి గీసిన ప్రత్యేకమైన స్కేలుతో కొలిచి అచ్చు చేసేవాళ్లం. లోహం ఎంత ముడుచుకుంటుందో నిద్రలో అడిగినా చెప్పే మనిషి, చెక్క కూడా ముడుచుకుంటుందన్నది మరచిపోయాడు. మా మేనకోడలి పెళ్లికి ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పుతో ఒక పెట్టె చేశాను. మూతకు నికరమైన (ప్లై కాని, అసలు చెక్కే అయిన) టేకు పలక తీసుకుని, పైన మాత్రమే వెనీర్ బొమ్మ అతికించి, లోపలి వైపు ఉత్త చెక్క వదిలేసి ముఖమల్ గుడ్డ వేశాను. చేసింది శ్రావణంలో, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉన్న మా ఇంట్లో, గోడలే చెమర్చే రోజుల్లో. ఆ పిల్ల దాన్ని హైదరాబాదు తీసుకెళ్లింది. ఉగాది నాటికి ఫోన్ చేసి, ‘మావయ్యా, నీ పెట్టె నవ్వుతోంది’ అంది. వెళ్లి చూస్తే మూత దోనెలా వంగి, అంచులు పైకి లేచి, నిజంగానే నోరు తెరిచి ఉంది.

కారణం తెలిసినదే. తీరం గాలిలో తేమ పట్టి ఉన్న చెక్క దక్కను పీఠభూమి ఎండకు ఆరి, అడ్డంగా ముడుచుకుంది. ఒక వైపు రేకూ జిగురూ ఉండి, మరోవైపు లేకపోవడంతో రెండు ముఖాలూ సమంగా ముడుచుకోలేదు. ఆ తరువాత నేను చేసే ఏ మూతకైనా పైన ఎంత వెనీర్ ఉంటే లోపల కూడా అంతే వెనీర్, పోగు దిక్కు కూడా ఒకటే. లోపల ఎవరూ చూడరు కాబట్టి అక్కడ నాసిరకం రేకు వేస్తాను, కానీ వేయకుండా ఉండను. మూత పలకకు కూడా నికరపు చెక్క మానేసి ఆరు మిల్లీమీటర్ల మంచి ప్లై వాడుతున్నాను. ప్లై వాడితే పెట్టె విలువ తగ్గుతుందని ముఖం చిట్లించే పెద్దమనుషులు ఉన్నారు. వారికి ఒకసారి నవ్విన పెట్టెను చూపించాలి. ఆ పిల్లకు రెండోది చేసి ఇచ్చాను, మొదటిది నా బల్ల మీదే ఉంది.

అతికించే పని గురించి కూడా ఒక మాట. తెల్ల ఫెవికాల్ చాలు. పలక మీద పలుచగా, సమంగా రాసి, కూర్పును పరచి, పైనా కిందా మందపాటి ప్లై ముక్కలు పెట్టి, నాలుగు క్లాంపులతో బిగించి రాత్రంతా వదిలేయాలి. క్లాంపులు కొనకముందు నేను పచ్చళ్ల జాడీల బరువుతో నెట్టుకొచ్చాను. కూర్పుకూ ప్లై ముక్కకూ మధ్య ప్లాస్టిక్ కాగితమే వేయాలి. మీ పత్రిక మీద గౌరవంతోనే చెబుతున్నాను, వార్తాపత్రిక వేయకూడదు. రేకు సందుల్లోంచి పైకి ఉబికిన జిగురుకు అది అంటుకుపోతుంది. ఒకసారి నా మల్లెతీగ మీద బంగారం ధరలు తిరగేసి అచ్చయ్యాయి. ఎక్కడైనా గాలిబుడగ మిగిలి, వేలితో తడితే డొల్లగా మోగితే, పోగు వెంట సన్నగా చీరి, ఇంజెక్షన్ సూదితో జిగురు ఎక్కించి, మీద కాగితం పరచి ఇస్త్రీ పెట్టె వేడితో నొక్కితే దిగుతుంది.

శాండ్ పేపరు పట్టడం చేతితోనే చేయాలి. మిషన్ పెడితే అర మిల్లీమీటరు రేకు కళ్ల ముందే ఆవిరైపోతుంది. దానికి ముందు ఇంకొక జాగ్రత్త ఉంది. నల్లని వెంగే పొడి మేపుల్ రంధ్రాల్లోకి దిగితే అది ఏం చేసినా పోదు, పిందె మీద మసి పూసినట్టుంటుంది. అందుకని మొదట ఒక పూత లక్క వేసి రంధ్రాలు మూసి, ఆరాక తేలికగా రుద్దాలి. లక్క పెచ్చులను స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, పాత పంచె గుడ్డలో దూది చుట్టి దానితో పూస్తాను. రోజుకు రెండు మూడు పల్చని పూతల చొప్పున వారం రోజులు. ఇది ఇంటి వాసనను కాసేపు మారుస్తుంది, మెరుపు మాత్రం వార్నిష్‌కు రాదు. ఆనాటి విశాఖ పెట్టెల గీతల్లో నింపిన నలుపూ లక్కే, ఇక్కడికి దగ్గరలోని ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద తిరిగే రంగులూ లక్కే. లక్కకు ఒక దుర్గుణం ఉంది. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లని గుండ్రం పడుతుంది. కుంకుమ కోసం ఇచ్చే పెట్టె అయితే లోపల చిన్న ఇత్తడి గిన్నె అమర్చాలి, లేకపోతే ఆ ఎరుపు చెక్కలోకి దిగి మరి రాదు.

మీ విలేకరితో నాకున్న చివరి తేడా ఇది. రెండు వందల మందికి రిటర్న్ గిఫ్టుగా ఇవ్వడానికి ఇవి తగవు. నాకు ఒక పెట్టెకు మూడు వారాల సాయంత్రాలు పడుతుంది. రెండు వందలు కావాలని ఎవరైనా వర్క్‌షాపుకు ఆర్డరు ఇస్తే వారికి దొరికేది మీ ఫొటోలోని నెమలే. చదివింపుల్లో ఒకరికి, సారెలో ఒకటి, షష్టిపూర్తికి ఒకటి, ఇది అటువంటి వస్తువు. పనివారికి దీనిలో బతుకుదెరువు ఉండాలంటే అడిగేవారు తక్కువగానే అడగాలి, కానీ తగిన ధర ఇవ్వాలి. ఏటికొప్పాక బొమ్మకూ, బొబ్బిలి వీణకూ, ఉదయగిరి చెక్క గరిటెలకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖ పెట్టెకు రాలేదు. చేసేవారు లేని వస్తువుకు గుర్తింపు ఇచ్చి ప్రయోజనమూ లేదు.

అందుచేత నా వినతులు చిన్నవే. వచ్చే ఆదివారం ఆ ఫొటో వివరణను సవరించండి. వీలైతే, పాత విశాఖ పెట్టె ఫొటో ఒకటి సంపాదించి, తీగ అంచు స్పష్టంగా కనిపించేంత పెద్దదిగా వేయండి. చూసి గీసుకునేవారు ఉంటారు. నగరానికి వచ్చే అతిథులకు జ్ఞాపికలు కొనే అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, సంవత్సరానికి పది పెట్టెలకు ఆర్డరు ఇచ్చి చూడమని మనవి. ఐటీఐలలో వడ్రంగం నేర్చుకుంటున్న పిల్లలు అలమరాలకు మైకా అతికించడంలో ఇప్పటికే మంచి చేయి ఉన్నవారు, పదకొండో నంబరు బ్లేడు వారి చేతికిస్తే నాకంటే తిన్నగా కోస్తారు. మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లు ఆదివారం ఉదయాలు వస్తున్నారు. మొన్న వారిలో ఒకడు కత్తిరించిన పిందె కిటికీలో టేపు లేకుండానే నిలబడింది. నా ముక్కలు ఈ రోజుకీ అలా నిలబడవు.

ఇట్లు,
మీ పత్రిక పాత చందాదారు,
ఒక విశ్రాంత ప్యాటర్న్ మేకర్,
విశాఖపట్నం.